పట్టా తర్వాత రెండు పుష్కరాలు

చైనా చిత్రకారుడు జాంగ్ షియావ్‌గాంగ్ కెరియర్ నుంచి ఉద్యోగార్థులు నేర్చుకోవాల్సిన లెక్క

2014 ఏప్రిల్‌లో హాంకాంగ్‌లో సోథిబీస్ సంస్థ నిర్వహించిన వేలంలో ఒక ఆయిల్ పెయింటింగ్ 9.4 కోట్ల హాంకాంగ్ డాలర్లకు అమ్ముడైంది. అప్పటి మారకం ప్రకారం మన లెక్కలో సుమారు 72 కోట్ల రూపాయలు. బొమ్మ పేరు ‘బ్లడ్‌లైన్: బిగ్ ఫ్యామిలీ నంబర్ 3’. గీసింది చైనా చిత్రకారుడు జాంగ్ షియావ్‌గాంగ్.

‘ఒక్క బొమ్మతో లైఫ్ సెటిల్’ అనుకున్నారా? కాస్త ఆగండి. ఆ 72 కోట్లు జాంగ్ చేతికి రాలేదు. బొమ్మను అమ్మకానికి పెట్టిన యజమానికీ, వేలం సంస్థకీ వెళ్లాయి. జాంగ్ దాన్ని గీసింది 1995లో. కాలేజీ నుంచి బయటికొచ్చింది 1982లో. మరి ఈ మధ్య కాలమంతా ఆయన ఏం చేశారు? ఎలా బతికారు? వార్తల్లో ధర కనిపిస్తుంది కానీ ఈ ప్రశ్నలకు జవాబు కనిపించదు. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు పనికొచ్చేది ఆ జవాబే.

ఈ రోజుల్లో నాకు వచ్చే మెసేజ్‌లలో రెండు భయాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. ‘క్యాంపస్‌లో రాలేదు, ఇక వెనకబడిపోయినట్టేనా?’ అనేది ఒకటి. ‘ఏఐ అన్నీ చేసేస్తుంటే ఏ స్కిల్ నేర్చుకోవాలి?’ అనేది రెండోది. ఇంజినీరింగ్ చదివి టెక్నాలజీ గురించి రాసే నేను ఒక పెయింటర్ గురించి ఎందుకు రాస్తున్నానంటే, ఈ రెండు ప్రశ్నలూ ఆయన జీవితంలో చాలా స్పష్టంగా కనిపిస్తాయి. అంతేకాదు, ఆయన్ను కోటీశ్వరుల జాబితాలోకి తెచ్చిన మార్కెట్ ఇప్పుడు బాగా నీరసించింది. పాఠం చదవడానికి ఇదే సరైన సమయం.

57 లక్షల మందిలో ఒకడు

జాంగ్ 1958లో యునాన్ రాష్ట్రంలోని కున్మింగ్‌లో పుట్టారు. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. తల్లిదండ్రులు ప్రభుత్వ ఉద్యోగులు. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక ఆ కుటుంబం చెల్లాచెదురైంది. తల్లిదండ్రులను ‘పునర్విద్య’ పేరుతో దూరంగా పంపించారు. తల్లికి మానసిక అనారోగ్యం. పిల్లలు బయట తిరిగి గొడవల్లో ఇరుక్కోకుండా ఇంట్లో కూర్చోబెట్టడానికి ఆమె కాగితాలిచ్చి బొమ్మలు వేయమనేవారు. ఆయన కెరియర్‌కు మొదటి మెట్టు అదే.

1976లో, 18 ఏళ్ల వయసులో, ఆ తరం కుర్రాళ్లందరిలాగే ఆయన్నూ పల్లెకు పంపారు. పొలం పని. కాలేజీ ఊసే లేదు. ఎందుకంటే దేశవ్యాప్త ప్రవేశపరీక్ష ‘గావోకావో’ను 1966 నుంచే ఆపేశారు. 1977 చివర్లో దాన్ని తిరిగి మొదలుపెడుతున్నట్టు ప్రకటించారు. పదేళ్లకు పైగా ఎదురుచూసినవాళ్లంతా ఒకేసారి రాశారు. దాదాపు 57 లక్షల మంది అభ్యర్థులు. సీట్లు వచ్చింది సుమారు 2.7 లక్షల మందికి. అంటే వందకి ఐదుగురు కూడా కాదు. ఆ బ్యాచ్‌లోనే జాంగ్‌కి చోంగ్‌చింగ్‌లోని సిచువాన్ ఫైన్ ఆర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయిల్ పెయింటింగ్ సీటు దొరికింది.

ఇంతవరకు కథ మనకు తెలిసినదే. కష్టపడ్డాడు, సీటు కొట్టాడు. చాలా మోటివేషన్ ప్రసంగాలు ఇక్కడే చప్పట్లతో ఆగిపోతాయి. అసలు సమస్య మాత్రం ఇక్కడే మొదలైంది.

పేరొచ్చింది క్లాస్‌మేట్‌కి

ఆ బ్యాచ్ మామూలు బ్యాచ్ కాదు. జాంగ్ సహాధ్యాయి లువో జోంగ్లీ 1980లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, ‘ఫాదర్’ అనే బొమ్మ గీశారు. అంతవరకు మావో చిత్రాలకే వాడిన భారీ సైజులో ఒక మామూలు రైతు ముఖం. ముడతలు, చెమట చుక్కలు, చేతిలో గిన్నె. దానికి జాతీయ స్థాయి యువ కళా ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. దేశమంతా మారుమోగింది. మీ క్లాస్‌మేట్‌కి మూడో ఏడాదిలోనే పెద్ద కంపెనీ ఆఫర్ వచ్చి, లింక్డిన్ అంతా అతని పోస్టులతో నిండిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1982లో పట్టా చేతికొచ్చింది. అప్పట్లో చైనాలో ఉద్యోగం మనం వెతుక్కునేది కాదు, ప్రభుత్వమే కేటాయించేది. కాలేజీలో అధ్యాపకుడి పోస్టు వస్తుందని జాంగ్ ఆశపడ్డారు. రాలేదు. కొంతకాలం నిర్మాణ కూలీగా పనిచేశారు. తర్వాత కున్మింగ్‌లో ఒక నృత్య, గాన బృందానికి ఆర్ట్ డిజైనర్‌గా చేరారు. దేశంలో వందకి ఐదుగురికి కూడా దొరకని సీటు తెచ్చుకుని, ఆయిల్ పెయింటింగ్‌లో పట్టా పుచ్చుకున్న మనిషి ఇటుకల మధ్య, స్టేజీ తెరల మధ్య తేలారు.

ఆ నాలుగేళ్లు ఆయన జీవితంలో చీకటి కాలం. తాగుడు పెరిగింది. 1984లో కడుపులో రక్తస్రావమై ఆస్పత్రి పాలయ్యారు. అక్కడి మంచాలు, తెల్ల దుప్పట్లు, చావు భయం ఆ కాలంలో ఆయన వేసిన బొమ్మల్లోకి వచ్చాయి. దీన్ని గొప్ప చేసి చెప్పకూడదు. తాగుడు ఎవరినీ కళాకారుణ్ని చేయదు, ఆయన బతికి బయటపడ్డారు, అంతే. గమనించాల్సింది వేరే ఉంది. ఉద్యోగం ఏదైనా ఆయన బొమ్మలు వేయడం మానలేదు.

1985లో మరో పని చేశారు. మిత్రులతో కలిసి, సొంత డబ్బులు పోగేసుకుని, షాంఘై, నాన్‌జింగ్‌లలో ‘న్యూ ఫిగరేటివ్’ పేరుతో ప్రదర్శన పెట్టారు. ఎవరో పిలుస్తారని కూర్చోలేదు. ఆ మరుసటి ఏడాది నైరుతి చైనా చిత్రకారులంతా ఒక బృందంగా ఏర్పడ్డారు. అదే 1986లో, పట్టా వచ్చిన నాలుగేళ్లకు, తాను చదివిన కాలేజీలోనే అధ్యాపకుడయ్యారు. 1989 ఫిబ్రవరిలో బీజింగ్ జాతీయ కళాశాలలో జరిగిన ప్రసిద్ధ ‘చైనా/అవాంట్‌గార్డ్’ ప్రదర్శనలో ఆయన బొమ్మలూ ఉన్నాయి. ఇప్పుడు జీతం ఉంది, కాస్త గుర్తింపు ఉంది. అయినా ఇంకా తనదంటూ ఒక బొమ్మ దొరకలేదు.

చేతి పని కాదు, చెప్పే సంగతి

చైనాలో ఆయిల్ పెయింటింగ్ బయటి నుంచి వచ్చిన విద్య. 1955-57 మధ్య సోవియట్ చిత్రకారుడు కాన్‌స్టాంటిన్ మాక్సిమోవ్ బీజింగ్‌లోని సెంట్రల్ అకాడమీలో ప్రత్యేక తరగతి నడిపారు. అక్కణ్నుంచి సోవియట్ పద్ధతి దేశమంతా పాకింది. కాబట్టి జాంగ్ తరానికి చేయి తిరిగిన పనితనం కొత్తేమీ కాదు. ఆ కాలేజీల నుంచి వచ్చిన ప్రతివాడూ బాగా వేయగలడు. 80లలో తలుపులు తెరుచుకుని పాశ్చాత్య కళా పుస్తకాలు రాగానే అందరూ వాటిని చూసి వేయడం మొదలుపెట్టారు. జాంగ్ కూడా యూరప్ ఎక్స్‌ప్రెషనిస్టుల దారిలో, సర్రియలిస్టుల దారిలో కొన్నేళ్లు నడిచారు.

1992లో మూడు నెలలు జర్మనీలో ఉన్నారు. పుస్తకాల్లో చూసిన బొమ్మల్ని మ్యూజియంలలో ఎదురుగా నిలబడి చూశారు. అక్కడ ఆయనకు ఒక సంగతి అర్థమైంది. తాను ఇంతకాలం వేస్తున్నది వీళ్లు ముందే వేసేశారు, ఈ వరుసలో తనకు చోటు లేదు. తిరిగొచ్చాక, 1993లో, సొంతింట్లో పాత ఫొటోలు కనిపించాయి. అందులో వయసులో ఉన్నప్పటి అమ్మ ఫొటో ఉంది. అందంగా, ఆరోగ్యంగా ఉన్న ఆ మనిషికీ, తాను చిన్నప్పటి నుంచి చూసిన జబ్బు మనిషికీ పోలికే లేదు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందనేది ఆ దేశంలోని ప్రతి ఇంటి కథ.

‘బ్లడ్‌లైన్: బిగ్ ఫ్యామిలీ’ అలా పుట్టింది. స్టూడియోలో దిగిన కుటుంబ ఫొటో లాంటి బొమ్మ. మావో కాలపు దుస్తులు, బూడిదరంగు ముఖాలు. అందరివీ దాదాపు ఒకేలాంటి చూపులు, నవ్వు లేదు. ముఖం మీద ఎక్కడో ఒక రంగు మచ్చ. మనుషులను కలుపుతూ వెంట్రుక లాంటి ఎర్రటి గీత. కుంచె జాడ కనిపించనంత నున్నటి పని. ఇంతకుముందు నేర్చుకున్న దూకుడు కుంచె పనిని ఆయన పక్కన పెట్టేశారు. పాత ఫొటో స్టూడియోల్లో టచప్ చేసిన చిత్రాల తరహాను తీసుకున్నారు. టెక్నిక్‌ను తగ్గించుకున్నాకే ఆయన ఎవరో ప్రపంచానికి తెలిసింది.

1994లో బ్రెజిల్‌లోని సావోపాలో బినాలే, 1995లో ఇటలీలోని వెనిస్ బినాలే. అప్పటికి ఆయనకు 36, 37 ఏళ్లు. 1999లో బీజింగ్‌కి మారారు. 2006 మార్చిలో న్యూయార్క్ సోథిబీస్‌లో ఈ వరుసలోని ‘కామ్రేడ్ నంబర్ 120’ అనే బొమ్మ 9,79,200 డాలర్లకు పోయింది. వేలం సంస్థ వేసిన అంచనా రెండున్నర నుంచి మూడున్నర లక్షల డాలర్లే. ఆ రోజుతో ప్రపంచ పత్రికల్లో పేరు మోగింది.

వయసు లెక్క ఒకసారి చూడండి. పట్టా వచ్చింది 24వ ఏట. తన బొమ్మ ప్రపంచ వేదికకు ఎక్కింది 36వ ఏట. మార్కెట్ బద్దలైంది 48వ ఏట. సరిగ్గా పుష్కరానికో మెట్టు. ‘రాత్రికి రాత్రి స్టార్’ అని రాసిన వార్తల వెనక రెండు పుష్కరాలున్నాయి.

అదే కుంచె, అదే రంగు, వేరే బతుకు

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. 1989లో హాంకాంగ్ వ్యాపారి హువాంగ్ జియాంగ్ కొందరు పెయింటర్లను వెంటబెట్టుకుని షెన్‌జెన్ శివార్లలోని డాఫెన్ అనే పల్లెకి వచ్చారు. విదేశీ ఆర్డర్లకు ప్రసిద్ధ బొమ్మల నకళ్లు వేయించడం ఆయన వ్యాపారం. వాన్‌గో పొద్దుతిరుగుడు పూలు వంద కావాలా? వారంలో రెడీ. కొన్నిచోట్ల ఒకరు ఆకాశం, ఒకరు చెట్లు, ఒకరు ఇళ్లు వేసేవారు. బొమ్మకి ఇంత అని కూలి. అమెరికా, యూరప్‌లలోని సూపర్ మార్కెట్లు, హోటళ్లు కొనేవి. ఒక దశలో ప్రపంచంలో అమ్ముడయ్యే ఆయిల్ పెయింటింగుల్లో సగానికి పైగా ఇక్కడివేనని పత్రికలు రాసేవి. వేలమంది పెయింటర్లు, వందల దుకాణాలు.

వాళ్ల చేతిలో పనితనం లేదా? కచ్చితంగా ఉంది. కాన్వాస్ మీద వాన్‌గోను అచ్చు దింపేయగలరు. కానీ స్పెసిఫికేషన్ ఎవరిదో, కస్టమర్ ఎవరో, ధర పెట్టేది ఎవరో వాళ్ల చేతిలో లేదు. పక్కవాడు పది తగ్గించి వేస్తానంటే ఆర్డర్ అటు పోతుంది. 2008లో అమెరికాలో ఆర్థిక సంక్షోభం రాగానే ఆర్డర్లు పడిపోయాయి. అక్కడి ఇళ్ల మార్కెట్ కూలితే ఇక్కడ గోడ బొమ్మలు వేసే మనిషి పని ఆగిపోయింది. ఆ తర్వాత డాఫెన్ దేశీయ కొనుగోలుదారుల వైపు తిరిగింది. కొందరు నకళ్లు ఆపి సొంత బొమ్మలు మొదలుపెట్టారు.

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డాఫెన్‌ది సర్వీసెస్ మోడల్. జాంగ్‌ది ప్రొడక్ట్. డాఫెన్‌ను చిన్నచూపు చూడొద్దు. వేల కుటుంబాలకు అది అన్నం పెట్టింది. హైదరాబాద్‌లో సర్వీసెస్ కంపెనీలు మనవాళ్లకు చేసిందీ అదే. కానీ తేడా తెలిసి ఉండాలి. ‘చెప్పింది చెప్పినట్టు చేయగలను’ అనే స్కిల్‌కి ధరను మార్కెట్ కిందికి లాగుతూనే ఉంటుంది. ఇప్పుడు ఏఐ ఆ లాగుడుకి మోటారు బిగించింది. ‘వాన్‌గో స్టైల్‌లో చార్మినార్’ అని టైప్ చేస్తే క్షణాల్లో బొమ్మ వస్తోంది. మామూలు సీఆర్‌యూడీ యాప్ కోడ్ పరిస్థితీ అంతే. ఏఐ ముందుగా దెబ్బ కొట్టేది నకలు పనిని. అమ్మ ఫొటో చూసి జాంగ్‌కి కలిగిన ప్రశ్న ఏ ప్రాంప్ట్‌లోనూ ముందుగా ఉండదు. ఆ ప్రశ్న వేయగలిగాక, దాన్ని వేగంగా తయారు చేయడానికి ఏఐ పనికొస్తుంది.

డబ్బు ఎవరికి వెళ్లింది?

మళ్లీ ఆ 72 కోట్ల దగ్గరికి వద్దాం. బొమ్మ మొదటిసారి అమ్మినప్పుడు వచ్చేదాంట్లోనే చిత్రకారుడికి వాటా. గ్యాలరీ ద్వారా అమ్మితే సాధారణంగా సగం సగం. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారినా లాభం అమ్మినవాడిదే. 2011లో బెల్జియం వ్యాపారి గయ్ ఉల్లెన్స్ తన సేకరణలోని జాంగ్ బొమ్మ ‘ఫరెవర్ లాస్టింగ్ లవ్’ను హాంకాంగ్‌లో వేలానికి పెట్టారు. దాదాపు 7.9 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. మన లెక్కలో 45 కోట్ల పైమాటే. జాంగ్ దాన్ని 1988లో, అధ్యాపకుడి జీతం మీద బతుకుతున్నప్పుడు వేశారు. న్యూయార్క్‌లో గానీ హాంకాంగ్‌లో గానీ ఇలా మళ్లీ అమ్మినప్పుడు చిత్రకారుడికి వాటా ఇవ్వాలనే చట్టం లేదు. పేరు పెరిగితే కొత్త బొమ్మల ధర పెరుగుతుంది, ఆ మేరకు జాంగ్ లాభపడ్డారు. 2008లో న్యూయార్క్‌కి చెందిన పేస్ గ్యాలరీ ఆయనకు ప్రతినిధి అయింది. కానీ పాత బొమ్మల మీద వచ్చిన కోట్లు ఆయనవి కావు.

ఇది మనకూ వర్తించే విషయం. భారత కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 53ఎ చిత్రకారులకు పునఃవిక్రయంలో వాటా హక్కు ఇస్తోంది. పది వేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడైతే, పది శాతం దాటకుండా వాటా అడగొచ్చు. ఈ సంగతి చాలామంది ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకే తెలియదు. ఇక అదే చట్టంలోని సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా మీరు చేసిన పనికి మొదటి యజమాని మీ కంపెనీ. మీరు రాసిన కోడ్ మీద మీకు హక్కు ఉండదు. తప్పేం లేదు, జీతం దానికే ఇస్తున్నారు. కానీ ఆఫర్ లెటర్‌లో మేధో సంపత్తి పేరా చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. కొన్ని కంపెనీలు మీరు ఇంటి దగ్గర, సొంత ల్యాప్‌టాప్‌లో చేసుకున్న ప్రాజెక్టును కూడా తమదే అని రాసుకుంటాయి. సంతకానికి ముందు అడగడం మీ హక్కు.

మార్కెట్ చల్లబడింది

ఇక వర్తమానం. ఆర్ట్ బాసెల్, యూబీఎస్ సంస్థలు ఏటా ఇచ్చే నివేదిక ప్రకారం 2024లో చైనాలో కళాఖండాల అమ్మకాలు 31 శాతం పడిపోయి 8.4 బిలియన్ డాలర్లకు చేరాయి. అంతకుముందు ఏడాది ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న దేశం, బ్రిటన్ వెనక మూడో స్థానానికి జారింది. రియల్ ఎస్టేట్ మందగించింది, డబ్బున్నవాళ్లు ఆచితూచి ఖర్చు పెడుతున్నారు. 2006 చూసి ‘పెయింటింగే ఫ్యూచర్’ అనుకుని ఆర్ట్ కాలేజీల్లో చేరినవాళ్లు, చేతిలో పనితనంతో, కొనేవాళ్లు లేని మార్కెట్లో నిలబడ్డారు. ఈ మాట మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? 2021లో ఆఫర్ లెటర్ల వర్షం చూసి కోర్సులు మార్చుకున్న మన బ్యాచ్‌ల సంగతీ ఇలాంటిదే. వేడి మీదున్న మార్కెట్‌ను చూసి ఎంచుకున్న దారి, మీరు బయటికొచ్చేసరికి చల్లబడి ఉండొచ్చు.

నిజాయితీగా మరో మాటా చెప్పాలి. జాంగ్‌కి కాలం కలిసొచ్చింది. ఆయన ఎదిగిన రోజుల్లో చైనా తలుపులు తెరుచుకుంటోంది, చైనా గురించి తెలుసుకోవాలని పాశ్చాత్య ప్రపంచం ఎగబడుతోంది, కొనడానికి విదేశీ డబ్బు సిద్ధంగా ఉంది. ఆయనతోపాటు అంతే కష్టపడ్డ ఎందరో పేరు లేకుండా మిగిలిపోయారు. కాబట్టి ‘పట్టుదల ఉంటే 72 కోట్లు’ అని నేను చెప్పను. ఎవరైనా అలా చెబితే నమ్మకండి. ఆయన దగ్గర మనం అరువు తెచ్చుకోగలిగేది పద్ధతి మాత్రమే.

మీరు ఏం చేయొచ్చు?

• మొదటి ఉద్యోగాన్ని తీర్పుగా చూడకండి. నిర్మాణ పని, స్టేజీ డిజైన్, తర్వాత టీచింగ్. జాంగ్‌ను నిలబెట్టింది ఈ జీతాలే. సపోర్ట్ ప్రాసెస్ అయినా, టెస్టింగ్ అయినా, చిన్న కంపెనీ అయినా చేరండి. అన్నం పెట్టే పని మీ సొంత పనికి శత్రువు కాదు.

• సొంత పనికి టైమ్ కేటాయించండి. ‘ఖాళీ దొరికినప్పుడు’ అంటే దొరకదు. వారానికి ఐదారు గంటలు, ఏడాది పొడవునా. అది కోడ్ కావచ్చు, డిజైన్ కావచ్చు, తెలుగులో వీడియోలు కావచ్చు.

• మీకే తెలిసిన సమస్యను వెతకండి. రెజ్యూమేల్లో టూ డూ లిస్ట్ యాప్, నెట్‌ఫ్లిక్స్ క్లోన్ చూసీ చూసీ రిక్రూటర్ల కళ్లు కాయలు కాశాయి. అవి మన డాఫెన్ బొమ్మలు. మీ నాన్న మిర్చి యార్డులో ధర కోసం పడే తిప్పలు, మీ అమ్మ డ్వాక్రా సంఘం లెక్కల పుస్తకం, మీ ఊరి బస్సు టైమింగ్స్. వీటి గురించి బెంగళూరులో కూర్చున్నవాడికి తెలియదు, మీకు తెలుసు. టెక్నాలజీ సింపుల్‌గా ఉన్నా ఫర్లేదు.

• ఒంటరిగా ఉండకండి. 1985లో డబ్బులు పోగేసుకున్న ఆ మిత్రబృందం లేకపోతే జాంగ్ ఎవరికీ తెలిసేవారు కాదు. నలుగురు కలిసి చిన్న ప్రాజెక్టు పెట్టండి, ఓపెన్ సోర్స్‌లో చేరండి, కాలేజీలోనే డెమో రోజు మీరే నిర్వహించండి. మనసు బాగాలేనప్పుడు చెప్పుకోవడానికీ ఆ నలుగురే దిక్కు.

• క్లాస్‌మేట్ టైమ్‌లైన్‌తో పోల్చుకోవడం ఆపండి. లువో జోంగ్లీకి విద్యార్థిగా ఉండగానే పేరొచ్చింది, జాంగ్‌కి పట్టా వచ్చిన పన్నెండేళ్లకు వచ్చింది. ఇద్దరి పేర్లూ నేడు చైనా కళా చరిత్రలో ఉన్నాయి.

• కాగితం చదవండి. బాండ్, నోటీస్ పీరియడ్, మేధో సంపత్తి హక్కులు. విలువ పుట్టించడం ఒక పని, అందులో మన వాటా ఎంతో తెలుసుకోవడం ఇంకో పని.

ఈసారి ఏదైనా ప్యాకేజీ వార్త, స్టార్టప్ వార్త, వేలం ధర వార్త కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయండి. ఈ డబ్బు నిజంగా ఎవరి చేతికి వెళ్లింది? దీని వెనక ఎన్నేళ్ల పని ఉంది? జవాబులు దొరికితే ఆ అంకె మిమ్మల్ని అంతగా భయపెట్టదు. ఈ వారం మాత్రం ఒక పని చేయండి. రెజ్యూమే తెరిచి, అందులో ఉన్న ప్రాజెక్టుల్లో మీ పక్కబెంచీ వాడి రెజ్యూమేలో లేనిది ఒక్కటైనా ఉందేమో చూసుకోండి. లేకపోతే ఇంట్లో ఒక గంట కూర్చుని, అమ్మానాన్నల రోజువారీ పనిలో ఎక్కడ చిక్కు పడుతోందో అడగండి. మీ మొదటి సొంత ప్రాజెక్టు అక్కడే దొరకొచ్చు.